పెద్దాయన వడికిన పంచె

పొందూరు దగ్గర ఒక స్వాతంత్ర్య సమరయోధుడి ఇంటిని మ్యూజియం చేశారంటే నాయనమ్మను తీసుకెళ్లాను. వయసులో ఉండగా ఆవిడ ఆ ఇంట్లో పనిచేసింది. ఆ పెద్దాయన తన పంచెకు నూలు తనే వడుక్కునేవాడని చిన్నప్పుడు ఆవిడ చెప్తే, బళ్లో వ్యాసం రాసి ఫస్టు ప్రైజు కొట్టాను.

అద్దాల బీరువాలో ఆ పంచె, రాట్నం, పత్తి దువ్వే వాలుగ చేప దవడ ఉన్నాయి. ఆయన స్వహస్తాలతో వడికారని కింద బోర్డు. గర్వంగా చదివి వినిపించాను.

"సేప వాసన పడదని నన్ను పశువుల సాల్లో కూకోబెట్టి వడికించీవోరు. ఆ దవడ ఆయనెప్పుడు ముట్టారంట?" అంది నాయనమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదో, ఆవిడ మీదో తెలియదు.

"మరి మాకు ఆయనే వడికాడని ఎందుకు చెప్పావు?"

"అలగే సెప్పమన్నారురా ఆయన."