తె-నాలుగు నంబరు అంగీ

చదివింది ఏదైనా వెంటనే ఎక్కడో ఒకచోట వాడకపోతే అరగదని నమ్మే వయసు ఒకటి ఉంటది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. ఇంటర్‌తోటి చదువు ఆగిపోయింది (ఆగిపోయిందని ఇంట్లోవాళ్లు అనేటోళ్లు, లైబ్రరీకి మారిందని నేను అనేటోణ్ణి). గౌలిపురల మా ఇంటి నుంచి నాలుగు గల్లీలు దాటితే ఒక చిన్న లైబ్రరీ ఉండేది. అక్కడ ఫ్యాను కింది కుర్చీ సంపాదించుకొని తేనెటీగల పెంపకం నుంచి రోము చరిత్ర దాకా చదివిన. మా గల్లీలో తేనెటీగలు లేకపోవడం వాటి అదృష్టం. చివరికి గ్రంథాలయ నిర్వహణ మీద ఒక పుస్తకం చేతికి చిక్కింది, దాన్ని రెండుసార్లు చదివిన. అప్పుడే ఆ లైబ్రరీలో తాత్కాలిక సహాయకుడి కొలువు ఒకటి ఖాళీ పడ్డది. లైబ్రేరియన్ సారు నన్ను పిలిచి, సోమవారం పదింటికి మంచిగ తయారై రా, మాట్లాడుదాం అన్నడు. బతుకులో నాకు కావాలనిపించిన మొదటి కొలువు అది. రెండోది ఇప్పటిదాకా తట్టలేదు.

చదివిన అని చెప్తే సరిపోదు, చేసిన అని చెప్పాలె అనుకున్న. చెయ్యడానికి దొరికింది మా బట్టల అర్ర. మెట్ల కింది చిన్న గది అది. ఒక పక్క కొత్తగా కొన్న వాషింగ్ మిషిను, ఇంకో పక్క గోడంత చెక్క బీరువా, అందులో పదకొండు మంది బట్టలు. ఆ అర్రకు పెద్దమ్మ ఒక్కతే అధికారి. ఉతికి ఆరిన బట్టలు ఆమె మడిచి పెట్టేది, ఎవరివి వాళ్లు వచ్చి చెయ్యి పెట్టి లాక్కొని పోయేటోళ్లు. ఎన్నడూ లొల్లి కాలేదు. ఎందుకు కాలేదో ఆలోచించాలని నాకు తోచలేదు. నాకు కనిపించింది ఒకటే, ఒక్కో అంగీ ఒక్కో తీరుగ మడిచి ఉన్నది. ఒకటి మూడు మడతలు, ఒకటి నాలుగు, ఒకదాని కాలరు బయటికి, ఇంకోదానిది లోపలికి. శాస్త్రం తెల్వని పని అనుకొని జాలి పడ్డ.

ఆదివారం పెద్దమ్మ ఫలక్‌నుమాల ఉన్న తన చెల్లెలింటికి పోయింది, రేపు మధ్యాహ్నానికి వస్తనని చెప్పి. ఇల్లు నా చేతికి వచ్చినట్టే. బీరువా అంతా నేల మీదికి దింపిన. లైబ్రరీలో పుస్తకాన్ని ఎవరిదని చూసి పెట్టరు, ఏ విషయందని చూసి పెడతరు. కాబట్టి బట్టలనూ మనుషుల లెక్కన కాకుండా విషయాల లెక్కన పెట్టిన. తెల్ల అంగీలన్నీ ఒక అరలో, రంగువి ఒక అరలో, లంగాలన్నీ కింద. ఒక అట్టముక్క కత్తిరించి, దాని కొలత మీద అన్నిటినీ ఒకే తీరుగ మడిచిన. ప్రతి కాలరు వెనక ఒక చిన్న చీటీ కుట్టిన: తెల్లవాటికి తె-ఒకటి, తె-రెండు, అట్ల. గుమ్మం కాడ స్టూలు వేసి దాని మీద ఒక రిజిస్టరు, దారం కట్టిన పెన్ను. పెద్దమ్మ బిడ్డ, మా అక్క, వచ్చి కాసేపు చూసి, "ఒరేయ్ లైబ్రరీ, లోపలి బట్టలకు గూడ సంతకం పెట్టాల్నా?" అని అడిగింది. పెట్టాలె అన్న. ఆమె తన బట్టలు గంపల ఏసుకొని మీదికి తీస్కపోయింది. సంస్కరణలకు మొదటి వ్యతిరేకత ఇంట్లోంచే వస్తదని ఏదో పుస్తకంలో చదివిన గనుక నేను బాధపడలేదు.

సోమవారం పొద్దున అర్ర ముందర లైను కట్టిండ్రు. నేను స్టూలు వెనక నిలబడి ఒక్కొక్కరికి ఒక్కో అంగీ ఇచ్చి సంతకం తీసుకున్న. సిబ్బంది చివర తీసుకోవాలన్నది నేను పెట్టిన నియమమే. చార్మినార్ కాడ గాజుల దుకాణం నడిపే చిన్నాయిన దుకాణం తెరిచే తొందరలో ఉండె. నేనిచ్చిన తె-రెండు తొడుక్కొని, ఊపిరి బిగబట్టి గుండీలు పెట్టి, "ఏంది రా, గీ కొత్త మిషిను బట్టలను కుంచింపజేస్తున్నది?" అనుకుంట స్కూటర్ ఎక్కిండు. తొమ్మిదిన్నరకు నా వంతు వచ్చింది. అరలో మిగిలింది తె-నాలుగు ఒక్కటే. విప్పి చూస్తే చిన్నాయినది. అందులో నా అసొంటోళ్లు ఇద్దరు పట్టి, మూడో ఆయన కోసం ఎదురుచూడొచ్చు. నా ఒక్కగానొక్క తెల్ల అంగీ అప్పటికి చార్మినార్ చేరి ఉంటది.

అంగీ చేతులు నాలుగు మడతలు పెట్టుకొని లైబ్రరీకి పోయిన. సారు ముందట కూర్చున్న. నెత్తి వంచి నమస్కారం పెట్టంగనే సారు చూపు నా మెడ మీద ఆగింది.

"వెనక అదేంది బాబూ, చీటీ?"

సిగ్గు పడాల్సిన చోట నాకు సంతోషమైంది. అడగక అడిగిండు గదా అని మా అర్ర వ్యవస్థ అంతా పది నిమిషాలు వివరించిన. సారు పెన్ను కింద పెట్టి ఓపికగ విన్నడు.

"మస్తుగుంది. అయితే ఈ అంగీ నీదేనా?"

"కాదు సార్. మా చిన్నాయినది."

"మరి నీదేడున్నది?"

"చిన్నాయిన మీదున్నది సార్."

మూలకు పేపర్లు సర్దుతున్న అటెండరు దగ్గు వచ్చినట్టు చేసి బయటికి పోయిండు. సారు మాత్రం నవ్వలేదు. పెన్ను మళ్ల చేతికి తీసుకొని, "రేపటి సంది రా. పుస్తకాల వీపులకు నంబర్లు అతికించే పని" అన్నడు. నేను లేవబోతుంటే ఇంకో మాట కలిపిండు: "అరల జోలికి మాత్రం పోకు."

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ వచ్చి ఉన్నది. చిన్నాయిన గూడ భోజనానికి వచ్చిండు, రెండు గుండీలు లేని నా అంగీతోటి, మిషినును తిట్టుకుంట. పెద్దమ్మ అర్రలో కింద కూర్చొని నా అట్టముక్క పక్కకు పెట్టి, ఒక్కో అంగీ విప్పి తిరిగి మడుస్తున్నది. నేను పోయి ఆమె పక్కకు కూర్చున్న.

"మీ చిన్నాయినది మూడు మడతలు బిడ్డా, పొట్టకాడ ముడత పడొద్దని. మీ బాపుది నాలుగు, జేబు మీదికి. నీది కాలరు లోపటికి. వంగి వంగి చదివి మెడకాడ మాపుకుంటవ్, దానికి సబ్బు ముందు పెట్టాలని నాకు యాదికుండాలె గద." ఆమె నా రిజిస్టరు తీసి ఒకసారి తిరగేసింది, చదువు రాదు గనుక తలకిందుల పట్టుకొని. "గివన్నీ ఇందుల రాసినవా?"

అందులో సంతకానికి, తేదీకి, నంబరుకు గళ్లున్నయి. ఆమె చెప్పినవాటికి గడి లేదు.

మూడు నెలలకని ఇచ్చిన అతికింపు పని ఏండ్లకేండ్లు సాగి, ఇప్పుడు నేను అదే లైబ్రరీలో పర్మినెంటు మనిషిని. అరల జోలికి పోనిస్తున్నరు. అప్పుడప్పుడు ఎవరో పెద్దమనిషి వచ్చి, "కిటికీ దిక్కుండె, ఎర్ర అట్టది, మూల చిరిగింది, అది ఇయ్యి బాబూ" అంటడు. పక్కన కొత్తగా చేరిన పిల్ల కంప్యూటర్ మీద చేతులు పెట్టి, పేరు చెప్పండి, రచయిత ఎవరు అని అడుగుతది. నేను లేచి కిటికీ దిక్కు పోత. పుస్తకం తెచ్చి ఇచ్చేటప్పుడు నాకు తెల్వకుండనే చెయ్యి మెడ వెనకకు పోయి, అక్కడ చీటీ ఏమన్న ఉన్నదా అని తడుముకుంటది.