మెడ కదలని పరుగు

పూండి స్టేషన్లో రోజూ ఉదయం నాతోపాటు పలాస వైపు రైలెక్కే చేపలమ్మే అత్త ఒకావిడ ఉండేది. అక్కుపల్లి నుంచి ఆటోలో వచ్చేది. దిగేసరికి రైలు కూత వినబడిందంటే చాలు, నెత్తిన గంపతో పరుగందుకునేది. గంపను చేత్తో పట్టుకునేది కాదు. ఆ రైలు తప్పితే చేపలు మెత్తబడిపోతాయి, ఇక ఎవరూ కొనరు.

నేను స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. ఇథియోపియా మారథాన్ వీరుడొకాయన అంటే నాకు ప్రాణం. ఒకరోజు రైల్లో ఆవిడకు ఫోన్లో ఆయన పరుగు చూపించాను. ఒలింపిక్ పతకాలు, రికార్డులు, గెలిచి ఇంటికొస్తే జనం రోడ్ల నిండా నిలబడడం, అన్నీ ఏకరువు పెట్టాను.

ఆవిడకవేవీ పట్టలేదు. ఫోను కళ్ల దగ్గరికి లాక్కుంది.

"మెడ సూడు బాబూ! కాల్లు అంత జోరుగా పోతన్నా మెడ కదల్నేదు. సిన్నప్పుడు నెత్తిన బరువు మోసినోడే," అని సొంత మనిషిని చూసినట్టు మురిసిపోయింది.

నేను వందసార్లు చూసిన వీడియో అది. ఎప్పుడూ ఆయన కాళ్లే చూశాను.

ఇప్పుడావిడ రైలుకు రావడం లేదు. మోకాళ్లు అరిగిపోయాయట. నేను మాత్రం స్కూల్లో పిల్లలకు ఆ వీడియో చూపించి, నెత్తిన తలో చెంబెడు నీళ్లు పెట్టి పరిగెత్తిస్తున్నాను. తడిసిపోతారు, నవ్వుతారు, మళ్లీ నింపుకుంటారు.

మొన్న ఒక పిల్ల ఆయాసపడుతూ అడిగింది.

"ఇది ఇథియోపియావోల్ల పద్దతేటి సార్?"

"కాదమ్మా," అన్నాను. "అక్కుపల్లిది."