ఎవరూ తిరిగి చూడని బండి

2022 జూన్‌లో నన్ను జనగామ షోరూంకు సేల్స్ మేనేజర్‌గా వేశారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలూ నా కిందే. రిటైర్మెంట్‌కు ముందు అదే చివరి పోస్టింగ్. కంపెనీ అప్పుడే ఎలక్ట్రిక్ కార్లు తెచ్చింది. వాటిని ఊళ్లలో పరిచయం చేసే పని నా నెత్తిన పడింది. ఉద్యోగమంతా పెట్రోలు బండ్లు అమ్మినవాణ్ణి. ఈ కొత్త బండి గురించి కొనేవాళ్లకంటే నాకే ఎక్కువ సందేహాలుండేవి.

షోరూం భాషలో బండి అడగడానికి వచ్చిన ప్రతి మనిషీ ఒక ‘ఎంక్వయిరీ’. నెలలోపు కొనేలా కనిపిస్తే ‘హాట్ ఎంక్వయిరీ’. తొర్రూరు నుంచి వచ్చిన రాజేశ్వరి గారు అడుగు పెట్టగానే హాట్. భర్త నాగభూషణం గారిది అక్కడ కిరాణా హోల్‌సేల్ దుకాణం. ఆయనకు కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు వరంగల్‌లో డయాలసిస్. ఇంట్లో ఉన్న పాత పెట్రోలు కారును ఆమే నడుపుతారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పెట్రోలు వాసనకు ఆయన దారి పొడుగునా వాంతులు చేసుకుంటున్నారట.

“కరెంటు బండి అయితే వాసన రాదంట గద సార్. చిన్నది గావాలె, మాకు అందేది గావాలె. ఎత్తుండొద్దు, ఆయనకు కాలు లేస్తలేదు. చూస్తె మామూలు కారు లెక్కనే ఉండాలె,” అన్నారామె.

మామూలుగా ఎందుకని అడిగాను. జబ్బు సంగతి బజారులో ఎవరికీ చెప్పలేదట. నాగభూషణం గారు పట్టింపు మనిషి. జాలిగా పలకరించే జనం ముందు కూర్చోవడం కంటే చావే నయమంటారట.

మా దగ్గర ఎలక్ట్రిక్‌లో రెండే మోడళ్లు. ఒకటి జీపులాగా ఎత్తైనది. ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెలిగే లైటు, తలుపుకు పిడి కనపడదు, ఏసీ వేయాలన్నా తెర మీద వెతుక్కోవాలి. రెండోది మరీ బుల్లిది, రెండే తలుపులు, ఆటబొమ్మ రంగులు. వెనక సీటులోకి దూరడం ఆరోగ్యవంతుడికే కష్టం. మధ్యరకం ఏమీ లేదు. చేసేది లేక పెద్దదాన్నే డెమోకు, అంటే కొనేవాళ్ల ఇంటి దగ్గర నడిపి చూపించడానికి, తొర్రూరు తీసుకెళ్లాను.

దుకాణం ముందు ఆపానో లేదో జనం చుట్టూ మూగారు. ఒకాయన పిడి కోసం తలుపంతా తడిమాడు. ఒకాయన ఒక్క ఛార్జింగుకు ఎంత దూరం పోతుందని అడిగాడు. ఇంకొకాయన బండి స్టార్టయి ఉందో లేదో తెలియక బానెట్‌కు చెవి ఆనించి విన్నాడు. నాగభూషణం గారు గల్లా దగ్గర నుంచి లేచి ఒకసారి ఇటు చూసి, చక్కెర బస్తాల వెనక్కి వెళ్లిపోయారు. రాజేశ్వరి గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

“తీస్కపోండ్రి సార్. ఊరంత ఈడనే ఉన్నది. గీ బండిల ఆయన కూసోడు.”

హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, లోపల కరెంటు మోటారు పెట్టి, బయటికి మాత్రం పాత చిన్నకారులాగే ఉండే బండి ఎప్పుడు వస్తుందని అడిగాను. ఎలాంటి బండి తయారు కావాలో తేల్చే ప్రొడక్ట్ విభాగం వాళ్లు నన్నే ఎదురడిగారు, ఎలక్ట్రిక్ అని చూడగానే తెలియకపోతే జనం ఎందుకు కొంటారని. తొర్రూరులో ఒకావిడ కొంటుందని చెప్పాను. ఒక్కరి కోసం కారు తయారు చేయరన్నారు. బచ్చన్నపేటలో పత్తి రైతు, చిట్యాలలో ఒక టీచరు కూడా ఇదే అడిగారన్నాను. సాయంత్రానికి ఇంకా పెద్ద తెర ఉన్న కొత్త మోడల్ ఫొటోలు పంపారు. నాకు ఒళ్లు మండింది. నేనడిగింది వాళ్లకు అర్థం కాలేదో, వాళ్లు చెప్పింది నాకు ఎక్కలేదో ఇప్పటికీ తేల్చుకోలేను. చేజారిన ఎంక్వయిరీకి కారణం చూపడం మా పద్ధతి. రాజేశ్వరి గారి విషయంలో ‘కస్టమర్‌కు స్పష్టత లేదు’ అని పెట్టాం.

కొన్ని నెలల తర్వాత అదే డెమో బండిలో వరంగల్ నుంచి తొర్రూరు వైపు వస్తుంటే, రోడ్డు పక్కన చెట్టు నీడలో ఒక బ్యాటరీ ఆటో ఆగి ఉంది. హ్యాండిల్ దగ్గర రాజేశ్వరి గారు మంచినీళ్లు తాగుతున్నారు. వెనక సీటులో నాగభూషణం గారు దిండుకు ఆనుకుని నిద్రపోతున్నారు. ఆశ్చర్యపోయి దిగాను.

“గిదే కొన్నం సార్. వాసన లేదు, గాలి తగుల్తది, వాంతులు బందయినయ్. ఎక్కుడు దిగుడు అల్కగున్నది. దుకాణం సరుకుకు కొన్నరనుకుంటున్నరు అందరు. ఒక్కలు గూడ ఏంది, ఎందుకు అని అడుగలే.”

మేము మాట్లాడుతుండగానే అటుగా పోతున్న ఇద్దరు బైకులు ఆపి నా కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆటో వైపు వాళ్లు తల కూడా తిప్పలేదు. రాజేశ్వరి గారు మాత్రం వాళ్లను చూసి సీసా మూత బిగించారు.

“పోతం సార్, ఆయన లేస్తడు,” అని చప్పుడు లేకుండా కదిలిపోయారు.

ఆ పోస్టింగులో నాకు తెలిసింది ఒక్కటే. కస్టమర్‌కు స్పష్టత లేదని మేం రాసుకున్న చోట, నిజానికి లేనిది బండి.