స్రవంతి బరువున్న ఇసుక మూట

2023. ఫిలింనగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పైఅంతస్తులో మా ఆఫీసు. ఆరుగురం. ఫైట్లలో తాడు కట్టుకుని దూకేవాళ్ల కోసం ఒక సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. మనిషి బరువు, దూకే ఎత్తు ఇస్తే తాడుకు బ్రేక్ ఎక్కడ పడాలో అది లెక్కగట్టి చెబుతుంది.

ఆ నెల నాకు అప్పగించిన పని కంటిన్యూయస్ ఇంటిగ్రేషన్ సర్వర్ ఎంపిక. కోడ్‌లో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా వెంటనే పరీక్షలన్నీ నడిపి, బాగుంటే పచ్చ, తేడా ఉంటే ఎరుపు చూపించే ఏర్పాటది. రెండింటిని పక్కపక్కనే పెట్టి చూస్తున్నాం. ఒకటి క్లౌడ్‌లో అద్దెకు దొరికేది. టీమ్ లీడ్‌గా నేను తలుచుకుంటే ఎరుపును దాటి కొత్త వెర్షన్ విడుదల చేయొచ్చు. రెండోది మా ఆఫీసులోనే పెట్టుకునేది. ఎరుపు ఉంటే ఎవరికీ దారివ్వకుండా బిగించాం. నా రిపోర్టులో మొదటిదాని సుగుణాల కింద, "అత్యవసరమైతే దాటే వీలుంది" అని రాశాను. రాసినందుకు కాస్త గర్వం కూడా.

ఒక బుధవారం ఎరుపు వచ్చింది. మర్నాడు షేక్‌పేటలో షూటింగ్, వాళ్లకి కొత్త వెర్షన్ కావాలి. బరువుల పరీక్షల్లో ఒక్కటే తప్పింది, యాభై కిలోల లోపు వాళ్లది. అదెప్పుడూ కారణం లేకుండా తప్పుతూ సతాయించేదేలే అనుకున్నాను. హీరోయిన్ డేట్లు మళ్లీ దొరకవని మా ఎండీ రవీంద్ర గారన్నారు. ఆయన ఒత్తిడి చేశారని చెప్పుకోవచ్చు గానీ, క్లౌడ్ సర్వర్‌లో ఎరుపును దాటే బటన్ నొక్కింది నా వేలే.

పొద్దున్నే నేనూ సెట్‌కి వెళ్లాను. బోరబండ నుంచి వచ్చే ఫైట్ మాస్టర్ యాదయ్యకి ఒక పద్ధతి ఉంది. మనిషి కంటే ముందు అంతే బరువున్న ఇసుక మూట దూకాలి. హీరోయిన్‌కి డూప్‌గా దూకాల్సిన స్రవంతి నడుముకు బెల్టు బిగించుకుని నా పక్కనే టీ తాగుతోంది. నలభై ఎనిమిది కిలోలు. మూట వదిలారు. బ్రేక్ ఆలస్యంగా పడింది. మూట నేలకు తగిలి పగిలి, ఇసుక మా కాళ్ల దాకా వచ్చింది.

స్రవంతి గ్లాసు కింద పెట్టి బెల్టు విప్పేసింది. నేను దాచుకోలేక ఎరుపు సంగతి మాస్టర్‌కి చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

"తాడు పట్టినోడు ఎవడన్నా ఆపు అంటే మా తాన ఆగుతం మేడమ్. డైరెక్టర్ చెప్పినా ఇడువం. మీ మిషన్ ఆపుమన్నది గదా. మీరెందుకు ఆగలే?"

సిగ్గేసింది.

ఆఫీసుకొచ్చి రిపోర్టు తెరిచాను. ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా సుగుణాల్లోంచి తీసి లోపాల కింద పెట్టాను. రవీంద్ర గారు చదివి తలెత్తారు.

"రేపు నిజంగానే అవసరం పడితే ఏం చేస్తారమ్మా?"

"ఆగుతామండీ."

రెండో సర్వరే పెట్టుకున్నాం.

అప్పటిదాకా మంచి సాధనమంటే మన మాట వినేదనుకున్నాను. వినకూడని చోట మన మాట కూడా విననిదాన్ని ఎంచుకోవడం ఈ వృత్తిలో భాగమని ఆ రోజు తెలిసింది. మాస్టర్ మాత్రం ఇసుక మూట మానలేదు. మానొద్దని నేనూ అన్నాను. ఇప్పుడు ఆ నలభై ఎనిమిది కిలోలూ ఒకసారి మా పరీక్షల్లో దూకుతాయి, ఒకసారి ఆ మూటగా దూకుతాయి. స్రవంతి దూకేది ఆ రెండూ అయ్యాకే.