గొడుగుల అత్త పచ్చలేపనం

సముద్రపు ఒడ్డున గొడుగులు, కుర్చీలు అద్దెకిచ్చే అత్త రోజూ ఒక ముక్కుపుటం మూసి గాలి పీల్చి, మురుగుకాలువ కంపు సోకని చోట కుర్చీలు వేస్తుంది. ఆ మురుగుకి నాచు బలిసి బేరాలు పడిపోయాయి. దాంతో అత్త, "నాచు కాదమ్మా, సముద్రపు పసరు! రాస్తే మొహం నిగనిగలాడుతుంది" అని నోటికొచ్చిన కోతలు కోసింది. కుర్చీలన్నీ నిండిపోయాయి. ఒకరోజు మునిసిపల్ ఇంజనీరు కూడా చెవులదాకా పులుముకుని, "ఇంత మేలైన సరుకు పండుతుంటే మేం కట్టబోయే మురుగునీటి శుద్ధి కేంద్రం దేనికత్తా? ఆపించేస్తా" అన్నాడు. అత్త గబుక్కున అడ్డుపడింది. "అయ్యో బాబూ, అంతా అబద్ధం! అది ఊరి మరుగుదొడ్ల నీళ్లు తాగి బలిసింది!" ఇంజనీరు కడుక్కుందామని పరుగెత్తి, అలల దగ్గర ఠక్కున ఆగిపోయాడు. "ఇక్కడ శుభ్రమైన నీళ్లెక్కడున్నాయే తల్లీ?" "ఆ కేంద్రమేదో కట్టించండి బాబూ, మీ కాళ్ల ముందే ఉంటాయి," అనేసి అత్త వెనక్కి తిరిగేసరికి, కుర్చీల్లోంచి పచ్చమొహాలన్నీ ఒక్కొక్కటే లేస్తున్నాయి.