మూడుసార్లు వెనక్కి పంపిన వ్యాసం

జైల్లో డిగ్రీ క్లాసులు చెబుతానంటే మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో నన్ను మహాతల్లిని చేసేశారు. "మీకు పుణ్యం వస్తుంది మేడమ్, మాకంత ఓపిక లేదు" అన్నారు. నేను పుణ్యానికి వెళ్ళలేదు. దూరవిద్య కేంద్రంవాళ్ళు జైల్లో చేరిన పదకొండు మంది జాబితా తెచ్చి, తెలుగు చెప్పడానికి ఎవరైనా వస్తారా అని అడిగారు. అందులో ఒక పేరు, పక్కన తండ్రి పేరు, గుడివాడ దగ్గర ఊరి పేరు చూశాను. మా తమ్ముణ్ణి కారుతో గుద్ది చంపినవాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారనుకుని, నేను వెళతానన్నాను. వాడికీ మా ఇంటికీ ఉన్న సంబంధం చెప్పి తప్పుకోవడం పద్ధతి. చెప్పలేదు.

మాది మంగళగిరి. ఇంట్లో మగ్గాలు. నాన్న నేసిన చీరలు తమ్ముడు బండి మీద కట్టుకుని బెజవాడ కొట్లలో వేసి వచ్చేవాడు. అలా తిరిగి వస్తూ ఒక సాయంత్రం కరకట్ట రోడ్డు మీద పోయాడు. గుద్దినవాడు పారిపోయాడు. పెట్రోలు బంకు కెమెరాలో కారు నంబరు దొరికి నాలుగో రోజున పట్టుకున్నారు. వాడిది పొలాలమ్మి ప్లాట్ల వ్యాపారంలోకి దిగిన కుటుంబం, పెద్ద లాయర్నే పెట్టుకున్నారు. తాగి ఉన్నది బండి మీద వచ్చినవాడేనని, అడ్డంగా వచ్చి పడ్డాడని కోర్టులో చెప్పించారు.

కోర్టు నమ్మలేదు, శిక్ష వేసింది. మా వీధి మాత్రం సగం నమ్మింది. "నిప్పు లేందే పొగ రాదు గదమ్మా" అని మా అమ్మ మొహం మీదే అన్నారు. కల్లు వాసన కూడా ఎరగని పిల్లాడు. వాణ్ణి చంపినందుకన్నా, చచ్చాక తాగుబోతుని చేసినందుకే నా కడుపు ఎక్కువ మండింది. ఇప్పటికీ మండుతోంది.

నేను నోరు అదుపులో పెట్టుకోలేనని నాన్న నన్ను కోర్టుకి రానివ్వలేదు. పెళ్ళయి భవానీపురంలో ఉంటున్నాను, ఇంటిపేరు మారింది. కాబట్టి నేనెవరో ఆ మనిషికి తెలియదు.

మొదటి ఆదివారం గేటు దగ్గర ఫోనూ బ్యాగూ ఇచ్చేసి లోపలికి వెళ్ళాను. కళ్ళు ఎర్రబడ్డ రౌడీ ఎవడో ఉంటాడనుకున్నాను. నూనె రాసి తల దువ్వుకున్న ఒక మనిషి కుర్చీ తుడిచి వేసి, "కూర్చోండి మేడమ్" అన్నాడు. హాజరు పిలిస్తే, ఆ పేరుకి పలికింది ఈ మనిషే. నంగనాచి. పక్కనున్న ముసలాయనకి వత్తులు ఎక్కడ పెట్టాలో చూపించేవాడు. సంధులు చెబితే పై ఆదివారానికి మరిచిపోయే రకమైతే నాకు హాయిగా ఉండేది. పదకొండు మందిలో చదువు అబ్బినవాడు వాడొక్కడే. మిగతావాళ్ళని మీరు అనేదాన్ని, వాణ్ణి నువ్వు అనేదాన్ని.

ఇక అసైన్‌మెంట్ల సంగతి. దూరవిద్యలో వాటిని ఎవరూ చదవరు. విద్యార్థి గైడు చూసి ఎక్కిస్తాడు, మేము కాగితాల బరువు చేత్తో చూసి మార్కులు వేస్తాం. ఇది రాసేవాళ్ళకీ తెలుసు, దిద్దేవాళ్ళకీ తెలుసు. అయితే ఆ మార్కులు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. డిగ్రీ పాసైతే శిక్షలో ఎంతోకొంత తగ్గుతుందని లోపల అందరి ఆశ.

'మీరు మరువలేని సంఘటన' గురించి వ్యాసం రాయమన్నాను. పదకొండు మందీ ఒకే వరదలో ఒకే దూడని కాపాడారు. గైడులో ఉన్న దూడ అది. పది మందిని పాస్ చేశాను. వాడిది మాత్రం ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి వెనక్కి పంపాను.

"మిగతావాళ్ళయ్యి పాసైనయ్యి గదండీ. నాదొక్కటే ఎందుకు ఎనక్కొచ్చింది?" అని అడిగాడు.

"ఇది నీది కాదు కాబట్టి."

రెండోసారి బళ్ళో వ్యాసరచనకి ప్రైజు వచ్చిన సంగతి రాశాడు. "నీ బతుక్కి మరువలేనిది ఇదేనా?" అని రాసి పంపాను. మూడోసారి, తనని జైలుకి తెచ్చిన రోజు వాళ్ళమ్మ ఎలా ఏడ్చిందో రాశాడు. బాగా రాశాడు. అది చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమ్మ ఏడుపొక్కటే ఏడుపా?

"నీకు జరిగింది రాశావు. నువ్వు చేసింది రాయి" అన్నాను.

"పరీక్ష ఫీజు గడువు దగ్గరికొచ్చిందండీ. మా అమ్మ ఆశ పెట్టుకునుంది" అన్నాడు.

"అయితే త్వరగా రాయి."

ఆ వారమంతా నాకు అన్నం రుచిగా ఉంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను. కోర్టులో వాడు ఆడిన అబద్ధాన్ని వాడి చేతనే, వాడి దస్తూరీలోనే కొట్టేయించి, ఆ కాగితం తీసుకెళ్ళి మా వీధిలో ఇంటింటికీ చూపించాలనుకున్నాను.

నాలుగో వ్యాసం మూడు పేజీలు. జైలు బయట ఆటోలో కూర్చుని చదివాను. కావలసింది రెండో పేజీలోనే ఉంది. 'ఆ అబ్బాయి దగ్గర మందు వాసన లేదు. వాసన నాదే' అని రాశాడు. ఆటోలోనే పైకి నవ్వాను. ఆ నవ్వుతోనే మూడో పేజీ తిప్పాను.

'నేను కారు దిగాను. ఆ అబ్బాయి స్పృహలోనే ఉన్నాడు. మా అక్కకి ఫోన్ చెయ్యండి అని నంబరు రెండుసార్లు చెప్పాడు. నా ఫోన్‌లో పది అంకెలూ నొక్కాను. చేస్తే నా నంబరు తెలిసిపోతుందని చెయ్యలేదు. చేశాను, వస్తున్నారు అని చెప్పి వెళ్ళిపోయాను. సరే అన్నాడు.' కింద, ఇప్పటికీ మరవలేదంటూ ఆ నంబరు చివరి నాలుగు అంకెలు రాశాడు. అవి నా నంబరువి.

దెబ్బ తగలగానే ప్రాణం పోయిందని మాకు ఆసుపత్రిలో చెప్పారు. ఇన్నేళ్ళూ అమ్మ ఆ ఒక్క మాట పట్టుకునే బతుకుతోంది. "నొప్పి తెలీకుండా పోయాడమ్మా నా బిడ్డ" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఇప్పుడు నేను ఈ కాగితాన్ని ఏ వీధిలో చూపించను? ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ నా పక్కనే ఉంది. ఎవరో వస్తున్నారని నమ్మి తమ్ముడు ఆ రోడ్డు మీద ఎంతసేపు ఎదురుచూశాడో. ఆ నిజాన్ని తవ్వి తీయించుకున్నది నేనే.

ఆ పై ఆదివారం వ్యాసం తిరిగి ఇచ్చాను. సున్నా వేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇరవైకి పదిహేను వేశాను.

"అంకెలు సరిగ్గానే గుర్తున్నాయి. ఆ నంబరు నాది" అన్నాను.

వాడు నిలబడే ఉన్నాడు. ముసలాయన వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

తర్వాతి ఆదివారం వాడు క్లాసుకి రాలేదు. జైలు అధికారి నన్ను గదిలోకి పిలిచి, "చదువు మానేస్తానని అర్జీ పెట్టాడండీ. ఎందుకంటే చెప్పడు. పేరు తీసేయమంటారా?" అని అడిగాడు.

తీసేయమంటే ఆ మనిషి తన గదిలో తను దాక్కుంటాడు. ఆ సాయంత్రం సంగతి తెలిసినవాళ్ళం ఈ లోకంలో ఇద్దరమే. అమ్మకి చెప్పలేను. నాన్నకి చెప్పలేను. వాణ్ణి వదిలేస్తే, అది మొయ్యడానికి నేనొక్కదాన్నే మిగులుతాను.

"తెలివైనవాడండీ, మధ్యలో మానిపిస్తే పాపం తగులుతుంది. క్లాసుకి పంపించండి" అన్నాను.

"మీలాంటివాళ్ళు ఉండబట్టేనండీ వీళ్ళు బాగుపడేది" అన్నాడాయన.

వాణ్ణి తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. డిగ్రీ అయ్యేసరికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. హాజరు పిలిచాను. వాడి పేరు దగ్గర ఆగి, వాడు తలెత్తి నా మొహం చూసి పలికేదాకా తర్వాతి పేరు పిలవలేదు.