గీత పడని పడవ పంకా

మేం చిన్నగా ఉన్నప్పుడు ఆదివారం పొద్దున్నే నాయన గోనెసంచి భుజానికి తగిలించుకున్నాడంటే నాకు ఒళ్లు మండేది... ఆ సంచిలో ఉండేది విరిగిన పడవ పంకా. ఇంజను కింద నీళ్లలో గిర్రున తిరుగుతుందే, అది. ప్రొపెల్లర్ అంటారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

పడవ మా చిన్నాయనది, అంటే నాయన తమ్ముడిది. పాలమూరు దిక్కు కృష్ణ ఒడ్డున మా ఊరు... డ్యాం కట్టాక నీళ్లలో మునిగిపోయింది. నాయన పట్నం వచ్చి, చిక్కడపల్లిలో ఉంటూ మేస్త్రి పనిలో పడ్డాడు. అశోక్‌నగర్‌లో సగం మేడలు మా ఆయన కట్టినవే అని అమ్మ గొప్పలు పోయేది. చిన్నాయన మాత్రం ఆ నీళ్ల ఒడ్డునే ఉండిపోయి, చిన్న ఇంజను బిగించిన పడవ మీద చేపలు పట్టుకునేవాడు.

ఎండాకాలం వచ్చిందంటే ఆ పంకా రెక్క విరిగేది. ప్రతి ఏడూ అంతే. విరిగినదాన్ని బస్సులో పంపితే, నాయన రాణిగంజ్ ఇనుప దుకాణాలకు పోయి అలాంటిదే కొని పంపేవాడు. అది చేరేదాకా పడవ ఒడ్డు మీదే... చిన్నాయన ఇంట్లో పొయ్యి వెలగడం కూడా అంతంతమాత్రమే.

ఆ ఏడు నాయనకు పంతం పుట్టింది. ఈసారి విరగనిది కొనాల్సిందే అన్నాడు. ఇంకేముంది, ఇందిరా పార్కుకు తీసుకుపోతానన్న నా ఆదివారాలన్నీ మట్టి కొట్టుకుపోయాయి. ఎండలో, ఇనుప సామాన్ల వాసనలో, దుకాణం దుకాణం తిప్పాడు నన్ను.

ఒక దుకాణాయన మాత్రం ఓపికగా చెప్పాడు.

"ఊకె పెద్దది తీస్కుంటే కాదన్నా. రెక్క వంపు ఎక్కువైతే ఇంజన్ పరేషాన్ అయితది. తక్కువైతే ఇంజన్ ఊకె మొత్తుకుంటది గని బోటు ముంగటికి పోదు. జర బోటు మీద బరువెంత పోతదో కనుక్కో."

కనుక్కోవడమంటే అప్పట్లో మాటలా... లైబ్రరీ దగ్గర ఎస్టీడీ బూత్‌కు పోవాలి. చిన్నాయన ఉండే ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోన్ చేయాలి. వాళ్లు పిలుచుకొచ్చేదాకా బయట నిలబడి మళ్లీ చేయాలి. నాయన అన్నీ అడిగాడు. వల ఎంత బరువుంటది, ఎంతమంది ఎక్కుతరు, ఇంజన్ ఏపాటిది... చిన్నాయన అంత దూరం నుంచి అరిచినట్టు మాట్లాడేవాడు, పక్కన నిలబడ్డ నాకూ వినిపించేది.

"పాతదసొంటిదే సూడన్నా."

"పాతది ఏడాదికోటి ఇరగవట్టె కద తమ్మీ! ఈసారి స్టీలుది పంపుత. సుత్తె వెట్టి కొట్టినా ఇరగది."

చిన్నాయన "నీ ఇష్టమన్నా" అన్నాడు.

అన్నీ అడిగిన మనిషి ఆ ఒక్కటీ అడగలేదు... అసలు అది ఎట్లా విరుగుతోంది అని! మునిగిన ఊరి ముచ్చట ఎవరైనా ఎత్తితే నాయన లేచి బయటికి పోయేవాడు. అందుకని చిన్నాయనా చెప్పలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది.

స్టీలు పంకా వచ్చింది. కొలత, వంపు అన్నీ పాతదానికి సరిగ్గా సరిపోయేవే. అద్దంలా మెరిసిపోతుంటే మా గల్లీ గల్లీ అంతా వచ్చి చూసింది. అమ్మ దానికి బొట్టు పెట్టి మరీ బస్సెక్కించింది. చిన్నాయన కూడా సంబరపడి ఫోన్ చేశాడు. "మస్తు మాల్ అన్నా" అన్నాడు.

వానలు ఇంకా పడలేదు. ఒకరోజు బూత్ ఆయన వచ్చి, మీకు ఊరి నుంచి ఫోన్ అని పిలిచాడు. నేనూ నాయన వెనకే పోయాను. చిన్నాయన మొదటి మాటే అది...

"పంకాకేం కాలేదన్నా. గీత గూడ వడలే."

ఎండాకాలం నీళ్లు తగ్గితే మునిగిన ఊరి గోడలు దాదాపు పైదాకా వస్తాయట. కనిపించవు, నీటికి జానెడు కిందే ఉంటాయి. పాత పంకా మెత్తటి అల్యూమినియంది. గోడకు తగిలితే దాని రెక్క విరిగేది, దెబ్బ అక్కడితో ఆగిపోయేది. స్టీలుది విరగలేదు. దెబ్బంతా లోపలికి పోయి పంకాను తిప్పే ఇంజను షాఫ్టు వంగింది, గేరు పళ్లు రాలిపోయాయి. బాగుచేయించడం మా వల్ల కాలేదు.

నాయన ఫోన్ పెట్టేశాక కూడా బూత్‌లోనే నిలబడిపోయాడు. బయట ఇంకొకాయన తలుపు కొడుతున్నా రాలేదు.

చిన్నాయన పడవ అమ్ముకుని, పంకా మాత్రం వెంట తెచ్చుకుని మా దగ్గరికే వచ్చేశాడు. నాయన తనతో పాటు పనికి తీసుకుపోయాడు. నేను నారాయణగూడ బడికి నడిచి పోతుంటే చిన్నాయన కనిపించేవాడు... పైపు పట్టుకుని, కొత్తగా కట్టిన గోడలకు నీళ్లు కొడుతూ. నన్ను చూసి నవ్వేవాడు. నాకు ఏడుపొచ్చేది, కోపమొచ్చేది. ఎవరి మీదో తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ బూత్ లేదు. అశోక్‌నగర్ నిండా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పంకా మాత్రం మా ఇంట్లోనే ఉంది, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాం. మొన్న చిన్నాయన వచ్చి దాన్ని చేత్తో తిప్పి చూస్తూ, "మా అన్న మంచిదే కొనిచ్చిండు బిడ్డా" అన్నాడు. నాయన గ్లాసు తీసుకుని నీళ్ల కోసం లేచి వెళ్లిపోయాడు. గ్లాసు నిండుగానే ఉంది.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఎంత దూరంలో ఉన్నా మొహం చూసి మాట్లాడొచ్చు. వీళ్లిద్దరూ ఒకే గదిలో కూర్చుని కూడా "అదెట్ల ఇరుగుతుండె తమ్మీ" అన్న ఆ ఒక్క మాటకు ఇంకా రాలేదు...

మీ ఇంట్లోనూ ఇట్లా ప్రేమగా కొనిచ్చి, గీత కూడా పడకుండా మిగిలిపోయిన వస్తువు ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి. కొనేముందు ఎవరిని ఏం అడగలేదో, అది కూడా రాయండి.